బర్రెకో పాట

నాకు బర్రెలంటే ఈర్ష్య. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. తోడికోడలి మీద, పక్కింటామె నగల మీద కుళ్లుకునే ఆడవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నేను మాత్రం చిన్నప్పటినుంచీ బర్రెల్ని చూసి కుళ్లుకున్నాను. పెళ్లై, ఉద్యోగం వచ్చి, కళ్లకు అద్దాలు పడ్డాక కూడా ఆ కుళ్లు పోలేదు. కారణం ఒక్కటే. మా ఇంట్లో ప్రతి బర్రెకూ ఒక పాట ఉండేది. నాకు లేదు.

మాది పాతబస్తీలోని జహనుమాలో పాలవాళ్ల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం. కొట్టం గోడకు అటువైపు వెల్డింగ్ దుకాణం, ఇటువైపు ఇనుప తలుపులు చేసే కార్ఖానా, కాస్త దూరంలో ఫలక్‌నుమా స్టేషన్ బండ్ల కూతలు. పెళ్లిళ్ల కాలంలో వీటన్నిటి మీద పటాకులు. బర్రెకు ఒళ్లు ఎంత పెద్దదో గుండె అంత చిన్నది. పిండే సమయానికి పక్కన ఒక రేకు ధన్‌మని పడితే చాలు, పొదుగులోని పాలు బిగబట్టేసుకుంటుంది. ఇక బతిమాలినా ఇవ్వదు, బెదిరించినా ఇవ్వదు. తనంతట తాను మెత్తబడి పాలు వదలాలి. దాన్నే మావాళ్లు చేపుకు రావడం అంటారు. చేపుకు రాని బర్రెలకు కొన్ని కొట్టాల్లో సూది వేస్తారు. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు సూది ముట్టేవాడు కాదు.

"సూదేసి గుంజుకున్న పాలు ఏం పాలు? గది దొంగతనం గాదా?" అనేవాడు.

సూదికి బదులు కొట్టంలో టేప్ రికార్డర్ పెట్టాడు. మొదట్లో బయటి లొల్లి వినబడకుండా ఏదో ఒకటి మోగుతుంటే చాలనుకున్నాడట. మోగిస్తూ మోగిస్తూ ఉండగా ఆయనకు ఒక సంగతి అర్థమైంది. అన్ని బర్రెలకూ ఒకే పాట పడదు. అప్పటినుంచి గురువారం వస్తే చాలు, సైకిల్ వేసుకుని ధూల్‌పేట్ పక్కన జుమ్మెరాత్ బజార్‌కు పోయి, నేల మీద గుడ్డ పరిచి అమ్మే పాత క్యాసెట్లు సంచీ నిండా తెచ్చేవాడు. పైన ఏం రాసి ఉందో చూసేవాడు కాదు. ఆయనకు చదువు రాదు. వచ్చినా ప్రయోజనం లేదు, పైనున్న కాగితానికీ లోపలున్న పాటకూ ఏనాడూ పొత్తు కుదిరేది కాదు.

అందువల్ల మా కొట్టంలో మోగని పాట లేదు. పెళ్లి షెహనాయి, నలుపు తెలుపు సినిమాల్లోని ఏడుపు పాటలు, ఖవ్వాలీలు, గజళ్లు, ఒగ్గు కథ, బోనాల డప్పు. అరబ్బులుండే బార్కస్ వైపు నుంచి ఎవరో అమ్ముకున్న క్యాసెట్లో అరబ్బీ ఊద్ వాద్యం. రైల్వే క్వార్టర్స్‌లోని క్రైస్తవ కుటుంబం ఇల్లు మారుతూ మా అమ్మకు ఇచ్చిపోయిన ప్రార్థన గీతాలు. ఏ దేశంవాడు పాడాడో, ఏ భాషో ఇప్పటికీ తెలియని డిస్కో. ఇన్ని రకాల పాటలు విని పెరిగాను కదా అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అవి నాకోసం పెట్టినవి కావు. పక్కగదిలో ఎక్కాలు చదువుకుంటూ గోడ అవతలి నుంచి విన్నాను.

కొత్త బర్రె వచ్చిందంటే మా ఇంట్లో పెళ్లిచూపుల హడావిడి. బాపు దాని పొదుగు దగ్గర కూర్చునేవాడు కాదు. ముఖానికి ఎదురుగా పీట వేసుకుని, పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని, ఒక్కో పాటే వినిపిస్తూ దాని చెవులు చూసేవాడు. చెవులు వెనక్కి పెడితే ఆ పాట పడలేదు. ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పితే ఇంకా ఆలోచనలో ఉంది. రెండూ మెత్తబడి కిందికి వాలాయంటే అదే దాని పాట. అప్పుడు బాపు మొహం చూడాలి! పూటలకు పూటలు అట్లా చూస్తూ కూర్చునేవాడు, తిండి సంగతి కూడా మరిచిపోయేవాడు. ఆ చూపు కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని. కొత్త గౌను వేసుకుని కొట్టం గుమ్మంలో నిలబడితే, "జర పక్కకు జరుగు బిడ్డా, ఎల్తురు పడ్తలేదు," అనేవాడు.

నుదుట తెల్లచుక్క ఉన్నదానికి డిస్కో పడింది. పొట్టితోకదానికి ప్రార్థన గీతం. మా అమ్మ దాన్ని చర్చి బర్రె అనేది. అన్నిట్లోకీ మొండిది వంకర కొమ్ముది. దాని దూడ చచ్చిపోయాక అది పాలు వదలడం మానేసింది. బాపు ఏ పాట పెట్టినా చెవులు వెనక్కే. చివరికి ఒక పాత ఖవ్వాలీకి దాని చెవులు వాలాయి. వెల్డింగ్ దుకాణం భాయ్ గోడ మీదినుంచి తొంగిచూసి, "క్యా బాపు, భైంసా ఖవ్వాలీ సున్‌రై క్యా?" అని, బర్రెలు కూడా ఖవ్వాలీ వింటాయా అన్నట్టు నవ్వాడు. బాపు వేలు పెదవులకు ఆనించి ఆయన్ని ఊరుకోమన్నాడు. ఆ రోజు బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను స్కూల్లో మొదటి ర్యాంకు తెచ్చినప్పుడు తిరగలేదు, నేను గమనించాను.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. అప్పుడు ఊరంతా ఊగిపోతున్న సినిమా పాట ఒకటుండేది. స్నేహితురాలి దగ్గర ఆ క్యాసెట్ తెచ్చి, "బాపూ, నా పాట ఒక్కటి పెట్టవా?" అన్నాను.

కొంచెంసేపు విని తల అడ్డంగా ఊపాడు. "గిది వంకర కొమ్ముదానికి పడదు బిడ్డా. బెదురుతది."

అదీ సంగతి. నా పాట కూడా దానికి పడాలి.

బర్రె ఈనితే ఆ పాట దాని దూడకు వారసత్వంగా పోయేది. తల్లి పక్కనే కట్టేసి ఉంటుంది కాబట్టి అదే వింటూ పెరిగేది. ఇప్పుడు మా కొట్టంలో ఉన్న వంకర కొమ్ముది ఆ మొదటిదాని మనవరాలో మునిమనవరాలో. కొమ్మూ అదే వంకర, మొండితనమూ అదే, పాటా అదే. ఆస్తి అంటే అట్లా రావాలి!

కాలేజీలో చేరాక ఒక ఉత్సవంలో పాట పాడమన్నారు. నాకు బాగా వచ్చింది ఆ ఖవ్వాలీయే, చిన్నప్పటినుంచి రెండుపూటలా విన్నదాన్ని. మొదలుపెట్టగానే హాలంతా కిసకిసలు. దిగి వచ్చాక మా సంగీతం మేడమ్, "పాటకు జ్వరం వచ్చిందా అమ్మా? అంత నీరసంగా పాడావు?" అంది. ఇంకెవరో అసలు పాట వినిపించారు. నేను పాడినదానికంటే బాగా వేగంగా ఉంది. మా టేప్ రికార్డర్ లోపలి బెల్టు సాగిపోయి, మా పాటలన్నీ నిదానంగా, బొంగురుగా తిరిగేవి. లోకమంతా ఒకలాగా వినే పాటల్ని బర్రెలూ నేనూ ఇంకోలాగా విన్నామన్నమాట. మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చి, బెల్టు మార్పించమని బాపు మీద అరిచాను.

"గిప్పుడు మార్పిస్తే వంకర కొమ్ముది ఒప్పుకోదు బిడ్డా," అన్నాడు చల్లగా.

నా పెళ్లి సంగతి కూడా చెప్పకపోతే మనసు ఊరుకోదు. పెళ్లికొడుకు బారాత్ మా గల్లీలోకి వచ్చింది. బాండువాళ్లు మంచి ఊపు మీద ఉన్నారు, మా ఆయన స్నేహితులు ఎగురుతున్నారు. నేను ముసుగు సందులోంచి చూస్తున్నాను. బారాత్ మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి బాపు పరుగెత్తుకుంటూ ఎదురుపోయి, రెండు చేతులూ ఎత్తి బాండు ఆపించాడు. అది పాలు పిండే పొద్దు. అంత పెద్ద బారాత్ దొంగల్లా చప్పుడు చేయకుండా మా గుమ్మం దాటింది. అటుపక్క కొట్టంలో మాత్రం ఖవ్వాలీ మోగుతూనే ఉంది. మా ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తి నన్ను ఆటపట్టిస్తాడు.

నేను వెళ్లింది దూరమేమీ కాదు, పక్క గల్లీకే. కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పుట్టింటికి పోయి, బాపు మోకాళ్లకు నూనె రాసి, మందులు తీసిచ్చి, ఛాయ్ పెట్టి, ఆ తర్వాతే మా ఇంటికి వెళ్లేదాన్ని. ఎవరూ అడగలేదు. చేసేదాన్ని, అంతే.

పోయిన వానాకాలం బాపు కొట్టంలో జారిపడ్డాడు. పేడ నీళ్లకు బండ నున్నగా ఉంది, చేతిలో టేప్ రికార్డర్ ఉంది. దాన్ని వదిలేసి గోడ పట్టుకుంటే నిలబడేవాడు, వదల్లేదు. తుంటి ఎముక విరిగింది. టేప్ రికార్డర్ ముక్కలైంది. ఎముకకు రాడ్ వేశారు. టేప్ రికార్డర్‌ను బాగుచేసేవాడు పాతబస్తీ అంతా వెతికినా దొరకలేదు. ఆస్పత్రిలో స్పృహ రాగానే ఆయన మొదట అడిగింది దాని గురించే. నేను మంచం పక్కనే ఉన్నాను.

అప్పటికే తమ్ముడు బండి మీద పాలు పోసి రావడంతోనే అలసిపోతున్నాడు. పిండే పని వాడి భార్య, నా మరదలి మీద పడింది. ధూల్‌పేట్ పిల్ల, గణపతి బొమ్మలకు రంగులు వేసే ఇంట్లో పుట్టింది, బర్రెను దగ్గరగా చూసింది మా ఇంటికి వచ్చాకే. మంచి పిల్ల. అదే నాకు వచ్చిన చిక్కు. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. చేతిలో పట్టేంత స్పీకర్ ఒకటి తెచ్చింది. బాపు మంచం మీద పడుకుని కూనిరాగం తీస్తుంటే, ఈ పిల్ల ఫోన్లో ఆ పాట వెతికి పట్టుకుని, స్పీకర్‌లోని కార్డులో ఎక్కించింది. అరబ్బీ ఊద్ కూడా దొరికింది, డిస్కో కూడా దొరికింది.

రోజూ సాయంత్రం నేను ఛాయ్ గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి ఇద్దరూ అదే పనిలో ఉండేవాళ్లు.

"చెవులు చూడు బిడ్డా, పొదుగు చూడకు. చెవులు వాల్చిందంటే ఇగ ఫికర్ లేదు," అని ఆయన.

"చుక్కదానికి ఏది పెట్టాలె మామా?" అని ఆ పిల్ల.

నాకు అన్నీ తెలుసు. ఏ బర్రెకు ఏ పాటో, ఏ పాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ టేపు నలిగి గొంతు వణుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నన్ను ఒక్కమాట అడగలేదు. నన్ను పిలిచే ఆ 'బిడ్డా' అనే పిలుపుతోనే ఆ పిల్లను పిలుస్తూ, నేను చిన్నప్పుడు దేనికోసం గుమ్మంలో నిలబడ్డానో ఆ విద్యంతా దానికి నేర్పుతున్నాడు. ఛాయ్ గ్లాసు స్టూలు మీద ఠక్కుమని పెట్టి వచ్చేదాన్ని. ఆ చప్పుడు కూడా ఆయన చెవిన వేసుకోలేదు.

మిగతా బర్రెలు నాలుగురోజులు నక్రాలు చేసి దారికొచ్చాయి. వంకర కొమ్ముది రాలేదు. స్పీకర్‌లో ఖవ్వాలీ మొదలుకాగానే చెవులు వెనక్కి పెట్టి, కాలు విసిరి బకెట్ తన్నింది. ఆ పూటా పాలు లేవు, మర్నాడూ లేవు. పొదుగు గట్టిపడింది. తమ్ముడు సూది వేద్దామన్నాడు. కాదంటే అమ్మేద్దామన్నాడు. ఆ మాట విని బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు.

"పాట గదే గదా. దీనికేమైంది?" అని గోడతో అంటున్నాడు.

నేను కొట్టంలోకి వెళ్లాను. మరదలు చిందిన తౌడు ఎత్తుతూ ఏడుస్తోంది. స్పీకర్‌లో ఖవ్వాలీ శుభ్రంగా, చకచకా పోతోంది, ఆనాడు కాలేజీలో నన్ను నవ్వులపాలు చేసిన వేగంతోనే. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఈ ప్రపంచంలో ఆ పాటను తప్పుగా విని పెరిగి, దాన్నే గుర్తుపెట్టుకున్నవాళ్లం ఇద్దరమే మిగిలాం. నేనూ, అదీ.

మరదలి ఫోన్ తీసుకుని, దాన్ని స్పీకర్‌కు కలిపి, ఫోన్లో పాట వేగం తగ్గించే మీట వెతికి, తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. పాడేవాళ్ల గొంతులు బొంగురుపోయి, చప్పట్లు బద్ధకంగా సాగి, మా ఇంటి పాట వచ్చింది. వంకర కొమ్ముది నమలడం ఆపింది. ఒక చెవి ఇటు తిప్పింది. తర్వాత రెండు చెవులూ మెల్లగా వాలిపోయాయి.

"కూర్చో, పిండు," అన్నాను.

ధార బకెట్‌లో పడుతున్న చప్పుడు విని ఆ పిల్ల ఏడుపూ నవ్వూ కలిపేసింది. "వదినె, నీకెట్ల ఎరుకైంది?"

చెబితే బాపు ముందే చెప్పాలనుకున్నాను.

ఆ నిదానం పాటనే కార్డులో ఎక్కించి, ఇద్దరం బకెట్టూ స్పీకరూ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాం. బాపు తల ఎత్తి నురగ చూశాడు, మొహం వెలిగిపోయింది. "షాబాష్ బిడ్డా!" అన్నాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన చెయ్యి మరదలి తల మీద ఉంది.

ఆ పిల్ల మంచిదని చెప్పాను కదా, వెంటనే అంది, "నేను గాదు మామా. వదినె చేసింది. పాట నిదానం చేసింది."

"ఆఁ, దానికి ఎరుకే ఉంటది తియ్యి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "జర ఛాయ్ తే బిడ్డా. తల నొస్తున్నది," అన్నాడు.

వెళ్లి ఛాయ్ పెట్టాను. స్టవ్ దగ్గర నిలబడితే కడుపులో మంట స్టవ్ మంటను మించిపోయింది. పక్కనే కూరగాయలు తరుగుతున్న మా అమ్మ నా మొహం చూసి, "ఇంకెన్నేండ్లు మూతి ముడ్సుకుంటవే? అడుగు పో," అంది. ఆమెకు అన్నీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మరదలు పాలు వడపోయడానికి వెళ్లిపోయింది. బాపు ఒక్కడే ఉన్నాడు. స్పీకర్ దిండు పక్కన ఉంది. ఛాయ్ కోసం చెయ్యి చాపాడు.

"బాపూ, ఈ ఇంట్ల బర్రెకో పాట ఉన్నది. నాకెందుకు లేదు?" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. నేనేదో కొత్త బర్రె గురించి అడిగినట్టు నిదానంగా ఆలోచించాడు.

"పాట ఎవలకు పెడ్తరు బిడ్డా? పాలు బిగబట్టుకున్నదానికి పెడ్తరు. నువ్వు ఎన్నడన్న బిగబట్టినవా? అడగకముందే అన్నీ ఇస్తివి. నీ గురించి నాకు ఫికరే లేకుండె."

ఇది మెప్పేనని ఆయన నమ్ముతున్నాడు. ఆ కళ్లల్లో కల్మషం లేదు. కానీ నాకు ఎవరో చెంప మీద కొట్టినట్టే అయింది. మొదటి ర్యాంకులు, మోకాళ్లకు నూనె, ఆఫీసు నుంచి నేరుగా ఇటు రావడం, చప్పుడు లేకుండా గుమ్మం దాటిన నా పెళ్లి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మంచిదానిగా ఉండి నేను పోగొట్టుకున్నది ఇదా అనిపించింది.

ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది. నేను గ్లాసు ఇవ్వలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, గ్లాసు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏందే?" అన్నాడు.

నేను గ్లాసును రెండు చేతులా బిగబట్టుకున్నాను. బాపు నన్ను చూశాడు, గ్లాసు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తుంటి నొప్పికి మూలుగుతూ ఒక పక్కకు ఒరిగి, స్పీకర్ తీసుకుని, ఎదురుగా మంచం పట్టె మీద పెట్టాడు. మీట నొక్కాడు.

షెహనాయి వచ్చింది. కాసేపు ఉంచి, నావైపు చూసి, మార్చాడు. డిస్కో వచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది కానీ నేను ఆపుకున్నాను. ప్రార్థన గీతం, ఊద్, నలుపు తెలుపు ఏడుపు. ప్రతి పాటకూ ముందుకు వంగి చూస్తున్నాడు. ఆయన చూస్తున్నది నా మొహం కాదని కాసేపటికి గ్రహించాను. నా చెవులు చూస్తున్నాడు.

ఛాయ్ చల్లారిపోయింది. కొట్టంలో ఎవరో దాణా కలుపుతున్నారు. బాపు మళ్లీ మీట నొక్కాడు. నిదానం చేసిన ఖవ్వాలీ వచ్చింది, బొంగురు గొంతులతో, సాగిన చప్పట్లతో. గ్లాసులో కట్టిన మీగడ వైపు చూపు తిప్పుకున్నాను. మనుషుల చెవులు వాలవు కాబట్టి బతికిపోయాను.

"గిదేనా?" అన్నాడు ఆశగా.

"గాదు," అన్నాను.

బాపు కళ్లు చిట్లించి, దిండు మీద ఇంకొంచెం పైకి జరిగి, తర్వాతి పాట పెట్టాడు.